పాత భవనంలో చిన్న మ్యూజియం: దాన్ని చూసే పద్ధతి

ఊరి నడిబొడ్డున మూతపడిన బ్యాంకులోనో, పాత కోర్టులోనో, ఒకప్పటి హోటల్లోనో నాలుగైదు గదుల్లో నడిచే స్థానిక చరిత్ర మ్యూజియంకి వెళ్లినవాళ్లలో చాలామంది పావుగంటలో బయటికి వచ్చేస్తారు. పెద్ద మ్యూజియం చూసే అలవాటుతో వెళ్తారు మరి. పేరున్న వస్తువు ఎక్కడుందో కనుక్కోవడం, దాని ముందు ఫొటో దిగడం, తర్వాతి గదికి పోవడం. ఇక్కడ పేరున్న వస్తువంటూ ఏదీ ఉండదు. ఒక టైప్‌రైటర్, ఒక కుట్టుమిషన్, ఫైర్ సిబ్బంది హెల్మెట్, స్కూలు గ్రూప్ ఫొటోలు, ఎవరిదో పెళ్లి గౌను. ఇవి ఎక్కడ చూసినా ఉండేవేగా అనిపిస్తుంది.

కానీ ఆ టైప్‌రైటర్ పక్క వీధిలో ఓ లాయరు ఆఫీసులో పనిచేసి ఉంటుంది. ఆ గౌను వేసుకున్నావిడ ఇల్లు ఇప్పటికీ నిలబడే ఉండొచ్చు. చిన్న మ్యూజియంలో వస్తువుకి విలువ తెచ్చేది దాని చిరునామా. అందుకే నేను చెప్పే వరస కాస్త తలకిందులుగా ఉంటుంది. ముందు భవనం, తర్వాత అక్కడ కూర్చున్న మనిషి, ఆ తర్వాతే అద్దాల పెట్టెలు.

1. బయల్దేరే ముందు ఫోన్ చేయండి

ఇలాంటి మ్యూజియంలను చాలాచోట్ల వాలంటీర్లే నడుపుతారు. వారంలో ఒకటి రెండు రోజులే తెరిచేవి, కొన్ని నెలలు పూర్తిగా మూసేసేవి ఉంటాయి. నెట్‌లో కనిపించే టైమింగ్స్ ఎప్పుడో పెట్టి మర్చిపోయినవి కావచ్చు. ఫోన్ ఎవరూ ఎత్తకపోతే ఈమెయిల్ పెట్టండి.

మెట్ల సంగతి కూడా అప్పుడే అడగండి. పాత భవనాల్లో లిఫ్ట్ ఉండకపోవచ్చు. వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లకి వెనకవైపు దారి ఉన్నా, దాని తలుపు లోపల్నుంచి ఎవరో ఒకరు తీయాల్సి రావచ్చు. ముందే చెబితే ఇద్దరికీ టెన్షన్ ఉండదు. పాత కాగితాలు, ఫొటోలు చూడాలనుకుంటే అపాయింట్‌మెంట్ కావాలేమో కూడా కనుక్కోండి. వాటి గది తాళం చాలాసార్లు ఒక్కరి దగ్గరే ఉంటుంది.

వెళ్లేటప్పుడు మనసులో ఒక ప్రశ్న పెట్టుకోండి. "ఈ ఊరి చరిత్ర ఏమిటి" అంటే ఎవరూ చెప్పలేరు. "రైలు రాకముందు ఇక్కడికి సరుకు ఎటునుంచి వచ్చేది?", "ఈ వీధికి ఈ పేరు ఎందుకు పెట్టారు?", "ఊళ్లో కరెంటు మొదట ఎవరింట్లో వెలిగింది?" లాంటివైతే ప్రతి గదిలోనూ ఏదో ఒకటి దొరుకుతుంది.

2. లోపలికి వెళ్లకుండా ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడండి

పాత వ్యాపార వీధుల్లో భవనం కింది భాగం అబద్ధాలు చెబుతుంది. షాపు చేతులు మారినప్పుడల్లా బోర్డులు, అద్దాలు, తలుపులు మారుతుంటాయి. పై అంతస్తుల మీద ఎవరూ డబ్బు పెట్టరు, అందుకే అవి అలాగే మిగిలిపోతాయి. తల ఎత్తి పైకప్పు అంచు దాకా చూడండి. కట్టిన ఏడాది, కట్టించినవాళ్ల ఇంటిపేరు, సంఘం గుర్తు ఉంటే అక్కడే చెక్కి ఉంటాయి. మూల మీద, కింద, శంకుస్థాపన రాయి కూడా వెతకండి.

తర్వాత పక్క గోడ. ఇటుకల మీద రంగులతో రాసిన పాత ప్రకటనలు వెలిసిపోయి, వాన పడ్డప్పుడు మాత్రం స్పష్టంగా కనిపించడం మామూలే. ఒకదాని మీద ఒకటి రాసిన రెండు మూడు ప్రకటనలు కలిసిపోయి ఉంటే అక్షరాలను విడదీసి చదవడానికి ప్రయత్నించండి. కిటికీ మూసేసిన చోట ఇటుకల రంగు, సున్నం రంగు తేడాగా ఉంటాయి. గోడ మధ్యలో, నేలకి ఎత్తుగా, ఎటూ పోని తలుపు కనిపిస్తే పక్కన ఇంకో భవనమో బయటి మెట్లో ఉండి కూలిపోయాయన్నమాట.

షాపు ముందు సన్నటి స్తంభాలుంటే దగ్గరికెళ్లి అడుగుభాగం చూడండి. 19వ శతాబ్దపు వ్యాపార భవనాల్లో పోత ఇనుము స్తంభాలు వాడేవారు, వాటి మొదట్లో పోత పోసిన ఫౌండ్రీ పేరు, ఊరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉండడం తరచూ కనిపిస్తుంది. రాతిలా రంగు వేసి ఉన్నా వేలితో తడితే ఇనుమని తెలిసిపోతుంది. ఆ ఫౌండ్రీ వేరే ఊరిదైతే మీకు అక్కడికక్కడే ఇంకో ప్రశ్న దొరికినట్టే. ఇంత బరువు ఇక్కడికి ఎలా వచ్చింది, పడవలోనా, రైల్లోనా?

తలుపు పైన చిన్న చిన్న గాజు పలకల వరస ఉంటే, వాటి లోపలివైపు గాడులు గాడులుగా ఉంటే, అవి పట్టకపు (ప్రిజం) గాజులు. 1890ల చివర్లో అమెరికాలో లక్స్‌ఫర్ అనే కంపెనీ వీటికి పేరు తెచ్చింది. పై నుంచి పడే పగటి వెలుతురుని వంచి పొడవాటి షాపు వెనక భాగం దాకా పంపడం వాటి పని. కరెంటు దీపాలు ఖరీదుగా ఉన్న రోజుల్లో షాపుకి ఇది పెద్ద ఆదా.

కిటికీ అద్దంలో ఎదుటి భవనం అలలు అలలుగా కనిపిస్తే అది పాత గాజు. గాజు కాలక్రమంలో కిందికి జారి అలా అవుతుందని గైడ్లు కూడా చెబుతుంటారు, నమ్మకండి. ఊది, గొట్టంలా చేసి, కోసి, పరిచినప్పుడే ఆ వంకరలు వచ్చాయి. కరిగిన తగరం మీద గాజుని తేలేసి చదునైన అద్దం తయారుచేసే పద్ధతిని బ్రిటన్‌లో పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించింది. అద్దం మరీ చదునుగా ఉంటే ఆ తర్వాత మార్చి ఉండొచ్చు.

3. డెస్క్ దగ్గర ఉన్నవాళ్లతో మాట్లాడండి

ఇది దాటేస్తే సగం మ్యూజియం పోయినట్టే. అక్కడ కూర్చున్నది రిటైరైన టీచరో, ఒకప్పుడు ఇదే భవనంలో ఉద్యోగం చేసినవాళ్లో కావచ్చు. లేబుల్ మీద నాలుగు లైన్లే పడతాయి, మిగతాదంతా వాళ్ల దగ్గరే ఉంటుంది.

"ఇక్కడ ఏముంది?" అని అడగొద్దు, వాళ్లు రోజూ చెప్పే పాఠం మొదలుపెడతారు. నాకు బాగా పనికొచ్చే ప్రశ్న ఇది: "వచ్చినవాళ్లు చూడకుండా దాటిపోయే వస్తువు ఏది?" ఈ మాటతో మొహంలో తేడా వస్తుంది, లేచి వచ్చి మరీ చూపిస్తారు. "మ్యూజియం కాకముందు ఈ గదిలో ఏముండేది?" అన్నది రెండోది. పాత బ్యాంకైతే ఎక్కడో స్ట్రాంగ్ రూమ్ తలుపు అలాగే ఉంటుంది. దాన్ని పీకేయడం కన్నా అక్కడే వదిలేయడం తేలిక కాబట్టి చాలాచోట్ల ఆ గదినే ప్రదర్శనకి వాడతారు. హోటలైతే గది నంబర్లు, కోర్టైతే నిందితుడు నిలబడే చోటు అడగండి.

వాళ్లు చెప్పే కథల్లో కొన్ని చిలవలు పలవలు వేసుకున్నవి ఉంటాయి. నేలమాళిగలో సొరంగం, మూడో అంతస్తులో దయ్యం, ఫలానా మహానుభావుడు ఓ రాత్రి ఇక్కడ బస చేయడం. ఈ మూడూ ఊరూరా వినిపిస్తాయి. వాదన పెట్టుకోకండి. "ఇది పేపర్లో ఏమైనా వచ్చిందా?" అని మర్యాదగా అడిగితే విన్న మాటేదో, రాసిపెట్టిన మాటేదో వాళ్లే విడదీసి చెబుతారు.

4. ఒక చుట్టు తిరిగి, ఒక్క పెట్టె ఎంచుకోండి

మొదట లేబుళ్లు చదవకుండా గదులన్నీ ఒకసారి తిరిగేయండి. పైకప్పు, నేల, మెట్ల కమ్మీ చూస్తూ నడవండి. నేలలో ఒక చోట మాత్రమే అరుగుదల ఉంటే అక్కడ ఒకప్పుడు కౌంటరుండేది, జనం నిలబడేవారు. తర్వాత కాళ్లు ఆగిన చోటికి తిరిగొచ్చి ఆ ఒక్క పెట్టె ముందే అరగంట గడపండి. అన్నీ చూసి తీరాలన్న పట్టుదల చిన్న మ్యూజియంలో కూడా మనిషిని అలసట పాలు చేస్తుంది.

గది మసకగా ఉందని విసుక్కోకండి. కాగితం, బట్ట, నీటిరంగు బొమ్మల్లాంటి వాటి దగ్గర వెలుతురు 50 లక్స్ దాటకూడదని మ్యూజియంలు పాటించే లెక్క. ఆఫీసు గదుల్లో 500 దాకా ఉంటుంది. వెలుతురు చేసే నష్టం ఏ రోజుకారోజు కూడుతూ పోతుంది, పోయిన రంగు తిరిగి రాదు. కొద్ది నిమిషాలు ఆగితే కళ్లు అలవాటు పడతాయి. ఫొటోలు తీయొచ్చని చెప్పినా ఫ్లాష్ ఆపేయండి, ఎలాగూ అద్దంలో మెరుపు తప్ప ఏమీ పడదు.

5. వస్తువు మీది నంబరు చదవండి

లేబుల్ మూలనో, వస్తువు అడుగునో సన్నటి అక్షరాల్లో 1974.23.5 లాంటి నంబరుంటుంది. చాలా మ్యూజియంలలో దీని అర్థం ఒకటే. వస్తువు 1974లో మ్యూజియంకి చేరింది, ఆ ఏడాది వచ్చిన ఇరవైమూడో విరాళం అది, ఆ విరాళంలో ఐదో వస్తువు. అంటే అదే ఇంటి నుంచి కనీసం ఇంకో నాలుగు వచ్చాయి. అవెక్కడున్నాయని అడగండి. కుట్టుమిషన్ ఒక గదిలో, ఆ ఇంటావిడ లెక్కల పుస్తకం ఇంకో గదిలో, ఆవిడ ఫొటో స్టోర్‌రూమ్‌లో ఉండొచ్చు. ఆ మూడూ ఒకేసారి తెలిస్తే ఒక మనిషి బతుకు కనిపిస్తుంది.

లేబుల్ మాటల్ని కూడా కాస్త అనుమానంగా చదవాలి. "వాడేవారని చెబుతారు" అంటే దాత చెప్పింది రాసుకున్నారు, సాక్ష్యం చేతిలో లేదు.

6. పాత ఫొటోల వయసు మీరే కట్టండి

నన్నడిగితే చిన్న మ్యూజియంలో ఎక్కువ సేపు గడపాల్సింది ఇక్కడే. ఫొటో కింద తేదీ లేకపోయినా, తేదీ తప్పుగా ఉన్నా, ఫొటో తన వయసు తానే చెప్పుకుంటుంది.

బొమ్మ అద్దంలా మెరుస్తూ, తల కొంచెం పక్కకి వంచితే మాయమై మళ్లీ కనిపిస్తుంటే అది డాగెరోటైప్. వెండి పూత పూసిన రాగి రేకు మీద తీసింది. ఈ పద్ధతిని పారిస్‌లో 1839లో ప్రకటించారు, 1850ల తర్వాత దాదాపు పోయింది. నల్లటి ఇనప రేకు మీద మసకగా ఉన్న బొమ్మ టిన్‌టైప్, దానికి అమెరికాలో పేటెంట్ వచ్చింది 1856లో. ఈ రెండింట్లోనూ బొమ్మ సాధారణంగా కుడి ఎడమలు తారుమారై ఉంటుంది. వెనక బోర్డు మీద అక్షరాలు తిరగేసి ఉన్నా, ఉంగరం వేరే చేతికి ఉన్నా కారణం అదే. దీంతో ఎంతమందిని ఎడమచేతి వాటంవాళ్లుగా రాసేశారో!

అట్ట మీద అతికించిన కాగితపు ఫొటో అయితే సైజు చూడండి. విజిటింగ్ కార్డంత, అంటే సుమారు 6 × 10 సెంటీమీటర్లుంటే అది కార్ట్ ద విజిట్. పారిస్ ఫొటోగ్రాఫర్ డిస్డెరి దీనికి 1854లో పేటెంట్ తీసుకున్నాడు. సుమారు 11 × 16.5 ఉంటే క్యాబినెట్ కార్డు, ఇది 1860ల చివరి నుంచి. అమెరికా ఫొటో వెనక పన్ను స్టాంపు అతికించి ఉంటే వెతుకులాటే అక్కర్లేదు. ఫొటోల మీద ఆ పన్ను 1864 సెప్టెంబర్ నుంచి 1866 ఆగస్టు దాకా మాత్రమే ఉంది. గుండ్రటి చిన్న ఫొటో కనిపిస్తే, 1888లో వచ్చిన మొదటి కొడాక్ కెమెరా తీసేవి గుండ్రటి బొమ్మలే అని గుర్తు తెచ్చుకోండి.

పోస్ట్‌కార్డులకి ఇంకా తేలిక కిటుకుంది, వెనక్కి తిప్పడమే. చిరునామాకీ ఉత్తరానికీ మధ్య నిలువు గీత ఉంటే బ్రిటన్‌ది 1902 తర్వాతది, అమెరికాది 1907 తర్వాతది. అంతకు ముందు వెనకవైపు చిరునామా తప్ప ఏదీ రాయనిచ్చేవారు కాదు. అందుకే పాత కార్డుల్లో జనం తమ కబుర్లన్నీ బొమ్మ మీదే, ఆకాశం ఖాళీగా ఉన్న చోట ఇరికించేవారు.

వీధి ఫొటోలో జనం లేకపోతే ఊరు నిర్మానుష్యంగా ఉండేదని తొందరపడకండి. డాగెరోటైప్ పద్ధతి కనిపెట్టిన డాగేర్ 1838లో పారిస్‌లో రద్దీగా ఉండే ఓ బులెవార్డ్‌ని, అంటే విశాలమైన వీధిని, ఫొటో తీశాడు. కెమెరా నిమిషాల తరబడి తెరిచి ఉంచాల్సి రావడంతో బండ్లు, నడిచేవాళ్లు ఎవరూ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒక మనిషి మాత్రం పడ్డాడు. మీ ముందున్న ఫొటోలో రోడ్డు మీద పొగమంచులాంటి చారలుంటే అవి మనుషులే.

7. యంత్రాల ముందు మోకాళ్ల మీద కూర్చోండి

పాత రెమింగ్టన్ టైప్‌రైటర్ కనిపిస్తే అక్షరాల కడ్డీలు ఎటునుంచి కొడతాయో చూడండి. మొదటి మోడళ్లలో కాగితానికి కింది వైపు నుంచి కొట్టేవి, కాబట్టి టైప్ చేసేవాళ్లకి తాము కొట్టిన లైను వెంటనే కనిపించేది కాదు. ముందు వైపు నుంచి కొట్టే అండర్‌వుడ్ యంత్రాలు 1890ల్లో వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. చాలా పాత టైప్‌రైటర్లలో 1 అంకెకి మీట ఉండదు, చిన్న ఎల్ అక్షరాన్నే అంకెగా వాడేవారు. మీటల మీద ఏ అక్షరాలు ఎక్కువ అరిగాయో కూడా గమనించండి.

డయల్ లేని టెలిఫోన్ ఉంటే ఆ ఊళ్లో కాల్ కలపడానికి ఆపరేటర్ ఉండేదన్నమాట. ఆపరేటర్ అవసరం లేని మొదటి ఎక్స్ఛేంజ్ 1892లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో లా పోర్ట్ అనే ఊళ్లో మొదలైంది, కానీ చిన్న ఊళ్లకి అది చేరడానికి దశాబ్దాలు పట్టింది. ఎక్స్ఛేంజ్ ఏ భవనంలో ఉండేది, అక్కడ ఎవరు కూర్చునేవారు అని అడగండి. ఊరి రహస్యాలన్నీ తెలిసిన మనిషి పేరు బయటికొస్తుంది. సింగర్ కుట్టుమిషన్ మీదైతే సీరియల్ నంబరుంటుంది, దాంతో తయారైన కాలం పట్టుకోవచ్చు.

8. మ్యాపులు, డైరెక్టరీలు అడిగి చూడండి

అమెరికాలో శాన్‌బార్న్ కంపెనీ 1867 నుంచి, కెనడాలో 1875 నుంచి, తర్వాత బ్రిటన్‌లోనూ గోడ్ కంపెనీ వేసిన ఫైర్ ఇన్సూరెన్స్ మ్యాపులు ఇలాంటి వెతుకులాటకి బంగారం. ప్రతి భవనం ఆకారం, అంతస్తులు, గోడలు దేనితో కట్టారో వాటిలో ఉంటుంది. ఇటుకకి గులాబీ రంగు, కలపకి పసుపు. భవనం మారితే మ్యాపు మొత్తం కొత్తగా వేసేవారు కాదు, ఆ భాగానికి సరిపడా కాగితం ముక్క కోసి పైన అతికించేవారు. పేజీని పక్క నుంచి చూస్తే ఆ అతుకుల అంచులు కనిపిస్తాయి. ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగిన చోట అతుకులు గుత్తులుగా ఉంటాయి.

డైరెక్టరీలు అంటే ఇంటివాళ్ల పేరు, వృత్తి, చిరునామా ఏడాదికేడాది అచ్చేసిన పుస్తకాలు. ఫొటో అట్ట మీదున్న స్టూడియో చిరునామాని వీటిలో వెతికితే ఆ స్టూడియో అక్కడ ఏ ఏళ్లలో ఉందో తెలుస్తుంది, దాంతో ఫొటో వయసు ఇంకా బిగుస్తుంది. ఒక జాగ్రత్త: ఇంటి నంబర్లు మారుతుంటాయి. చికాగోలో 1909లో ఊరంతా కొత్త నంబర్లు వేశారు, నడిబొడ్డు వీధులకి 1911లో. పాత నంబరు పట్టుకుని వెళ్తే వేరే భవనం ముందు నిలబడతారు.

కాగితాలు చూసేటప్పుడు పెన్ను పక్కన పెట్టి పెన్సిల్ వాడండి. సినిమాల్లో చూపించే తెల్ల గ్లవ్స్ కాగితానికి మంచివి కావు, వేళ్లకి స్పర్శ తెలియక పేజీ చిరుగుతుంది. శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు. ఫొటోలకి, లోహపు వస్తువులకి మాత్రం గ్లవ్స్ ఇస్తే వేసుకోండి.

9. ఎవరు లేరో చూడండి

వస్తువులు దాచుకోవడానికి చోటున్న ఇళ్ల నుంచే మ్యూజియంకి వస్తువులొస్తాయి. షాపు యజమాని కుర్చీ ఉంటుంది, అక్కడ ఊడ్చిన మనిషి చీపురు ఉండదు. అద్దె గదుల్లో ఉన్నవాళ్లు, పని కోసం వలస వచ్చినవాళ్లు, ఇంట్లో పనిచేసినవాళ్లు ఎక్కడున్నారని వెతకండి. గ్రూప్ ఫొటోల అంచుల్లో, జీతాల రిజిస్టర్లలో, సరుకు బాకీల పుస్తకాల్లో వాళ్ల పేర్లు తగులుతాయి.

ఆ లోటునే మ్యూజియంగా మార్చిన చోటు న్యూయార్క్‌లో ఉంది. 97 ఆర్చర్డ్ స్ట్రీట్ భవనాన్ని 1863లో అద్దె వాటాలుగా కట్టారు. 1935లో యజమాని అద్దెవాళ్లని ఖాళీ చేయించి పై అంతస్తులు మూసేశాడు, కింద షాపులు మాత్రం నడిచాయి. 1988లో మ్యూజియం పెట్టేటప్పటికి పై వాటాల్లో గోడ కాగితాల పొరలు, పాత రంగులు అలాగే ఉన్నాయి. టెనెమెంట్ మ్యూజియం ఇప్పుడు ఆ వాటాల్లో బతికిన వలస కుటుంబాల కథలే చెబుతుంది.

10. పిల్లలు వెంట ఉంటే

లేబుళ్లు చదివించకండి. "దీన్ని దేనికి వాడేవారో చెప్పు" అని పందెం పెట్టండి. తప్పు జవాబులు సరైన జవాబుల కన్నా బాగుంటాయి. ఏవి ముట్టుకోవచ్చో ముందే అడిగి ఉంచుకుంటే చాలు.

11. వెళ్లేముందు, వెళ్లాక

పాత వీధి ఫొటోల్లో ఒకదాని కాపీ ఇస్తారేమో అడగండి. ఇస్తే ఫీజు ఎంతైనా సంతోషంగా కట్టండి, ఆ ఆదాయంతోనే పైకప్పు రిపేర్లు జరుగుతాయి. ఆ కాపీతో బయటికొచ్చి కెమెరా ఎక్కడ పెట్టి ఉంటారో వెతకండి. కింది షాపుల్ని వదిలేసి పై కిటికీల వరసలు కలుపుకుంటూ వెళ్తే చోటు దొరుకుతుంది.

మీ ఇంట్లో ఆ ఊరికి సంబంధించిన పాత వస్తువు ఉంటే చెప్పకుండా అట్టపెట్టెలో తీసుకెళ్లి డెస్క్ మీద పెట్టకండి. ముందు ఫొటో పంపండి. ఎవరిది, ఏ ఇంట్లో ఉండేది, ఎలా చేతులు మారింది అన్నది ఒక పేజీ రాసి జత చేయండి. తీసుకుంటే విరాళ పత్రం మీద సంతకం అడుగుతారు, దాంతో వస్తువు శాశ్వతంగా మ్యూజియందవుతుంది. వద్దంటే నొచ్చుకోవద్దు. వాళ్ల స్టోర్‌రూమ్‌లో ఇప్పటికే బోలెడన్ని కుట్టుమిషన్లుంటాయి. కుట్టుమిషన్ వద్దన్నవాళ్లే దాని సొరుగులో దొరికిన దర్జీ కొలతల పుస్తకాన్ని సంతోషంగా తీసుకుంటారు, అందుకని ఇవ్వబోయే ముందు సొరుగులు తెరిచి చూసుకోండి. పాత ఫొటోల్లో ఉన్నవాళ్ల పేర్లు తెలిస్తే వెనకవైపు అంచున మెత్తటి పెన్సిల్‌తో, గట్టిగా ఒత్తకుండా రాసి మరీ ఇవ్వండి.